మానవ భద్రతా అధ్యయనాలు

మానవ భద్రతా అధ్యయనాలు అనగా దేశ సరిహద్దుల రక్షణను కాక, ఆ సరిహద్దుల లోపల నివసించే మనిషి ప్రాణానికి, బ్రతుకుతెరువుకు, గౌరవానికి కలిగే ముప్పులను కేంద్రంగా తీసుకొని పరిశీలించే విద్యా రంగం. ఇది అంతర్జాతీయ వ్యవహారాల అధ్యయనంలో ఒక శాఖ. దీనిని ప్రధానంగా స్నాతకోత్తర స్థాయిలోను, పరిశోధన స్థాయిలోను బోధిస్తారు. రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ న్యాయం, అర్థశాస్త్రం, ప్రజారోగ్యం, పర్యావరణ శాస్త్రం, మానవ శాస్త్రం వంటి అనేక విషయాలు ఇందులో కలిసి ఉంటాయి.

"మానవ భద్రత" అనే పదబంధం 1994లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం (యు.ఎన్.డి.పి.) వెలువరించిన మానవాభివృద్ధి నివేదికతో ప్రచారంలోకి వచ్చింది. బలమైన సైన్యం ఉన్న దేశంలో కూడా ప్రజలు ఆకలితోను, అంటువ్యాధులతోను, తమ సొంత ప్రభుత్వపు అణచివేతతోను మరణిస్తూ ఉంటే ఆ దేశాన్ని సురక్షితమైన దేశం అనవచ్చునా అన్నది ఈ రంగానికి మూలమైన ప్రశ్న. దీనికి ఇచ్చే సమాధానాన్ని బట్టి ప్రభుత్వ ఖర్చు ఎటు పోవాలి, ఇతర దేశాల వ్యవహారాలలో ఎప్పుడు జోక్యం చేసుకోవచ్చు అనే విషయాలు కూడా మారిపోతాయి. అందువలన ఈ రంగం ఆరంభం నుండి వివాదాస్పదంగానే ఉన్నది.

నేపథ్యం

అంతర్జాతీయ వ్యవహారాలు ప్రత్యేక విద్యా విషయంగా మొదటి ప్రపంచ యుద్ధం తరువాత రూపుదిద్దుకున్నది. అంత పెద్ద యుద్ధం మళ్ళీ రాకుండా చేయడం ఎలా అన్నదే అప్పటి ప్రధాన ప్రశ్న. 1919లో వేల్స్ లోని అబెరిస్ట్‌విత్ లో అంతర్జాతీయ రాజకీయాలకు మొట్టమొదటి ఆచార్య పీఠం ఏర్పడింది. అదే సంవత్సరం అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం విదేశాంగ సేవా పాఠశాలను ప్రారంభించింది. 1927లో నానాజాతి సమితి కేంద్రమైన జెనీవాలో అంతర్జాతీయ అధ్యయనాల స్నాతకోత్తర సంస్థ, 1933లో అమెరికాలోని మసాచుసెట్స్ లో ఫ్లెచర్ పాఠశాల వెలిశాయి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైన ఫ్లెచర్, హార్వర్డ్ సహకారంతో మొదలై, అమెరికాలో కేవలం స్నాతకోత్తర స్థాయిలో అంతర్జాతీయ వ్యవహారాలను బోధించిన తొలి సంస్థగా పేరు పొందింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో, "భద్రత" అనే మాటకు సైనిక భద్రత అనే అర్థమే స్థిరపడింది. అణ్వస్త్రాలు, సైనిక కూటములు, బలాబలాల సమతుల్యత వంటివి ముఖ్య పాఠ్యాంశాలయ్యాయి. అయితే మనిషి కేంద్రంగా భద్రతను చూడాలన్న భావన అప్పటికే ఉన్నది. 1941 జనవరి 6న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగంలో ప్రస్తావించిన నాలుగు స్వేచ్ఛలలో భయం నుండి విముక్తి, లేమి నుండి విముక్తి అనే రెండు ఉన్నాయి. తరువాతి కాలంలో మానవ భద్రతా వాదానికి ఈ రెండే పునాదులయ్యాయి.

1994 నివేదిక

సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైన తరువాత దేశాల మధ్య యుద్ధాల కంటే దేశాల లోపలి ఘర్షణలు ఎక్కువగా కనిపించసాగాయి. సోమాలియా, బోస్నియా, రువాండాలలో సామాన్య పౌరులే ప్రధాన బాధితులయ్యారు. ఈ సందర్భంలో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ (1934-1998) ఆధ్వర్యంలో 1994 మానవాభివృద్ధి నివేదిక తయారయింది. ఆయన జమ్మూలో జన్మించాడు. పాకిస్తాన్ ఆర్థిక మంత్రిగా పనిచేశాడు. 1990లో మానవాభివృద్ధి నివేదికల పరంపరను ఆరంభించినది కూడా ఆయనే.

ప్రచ్ఛన్న యుద్ధం ముగియడం వలన సైనిక వ్యయంలో మిగిలే ధనాన్ని ప్రజల అవసరాలకు మళ్ళించాలని ఈ నివేదిక వాదించింది. 1995 మార్చిలో కోపెన్‌హాగెన్ లో జరుగనున్న సామాజిక అభివృద్ధి శిఖరాగ్ర సదస్సు ముందు ఈ ఆలోచనను ఉంచింది. నివేదిక ప్రకారం మానవ భద్రతలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఆకలి, వ్యాధి, అణచివేత వంటి దీర్ఘకాలిక బాధల నుండి రక్షణ. రెండవది దైనందిన జీవితాన్ని హఠాత్తుగా తలక్రిందులు చేసే సంఘటనల నుండి రక్షణ.

ఈ భద్రతను నివేదిక ఏడు అంశాలుగా విభజించింది.

1. ఆర్థిక భద్రత - నిలకడైన ఆదాయం, ఉపాధి
2. ఆహార భద్రత - ఆహారం దొరకడం, దానిని కొనగలిగే శక్తి
3. ఆరోగ్య భద్రత - వ్యాధుల నుండి రక్షణ, వైద్య సదుపాయం
4. పర్యావరణ భద్రత - నీరు, గాలి, నేల, ప్రకృతి వైపరీత్యాలు
5. వ్యక్తిగత భద్రత - నేరాలు, గృహ హింస, యుద్ధం, చిత్రహింసల నుండి రక్షణ
6. సామూహిక భద్రత - జాతులు, తెగలు, సంప్రదాయ సమూహాల మనుగడ
7. రాజకీయ భద్రత - మౌలిక మానవ హక్కులకు గౌరవం

ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయనీ, ముప్పు వచ్చిన తరువాత తీసుకొనే చర్యల కంటే ముందుగా నివారించడానికి ఖర్చు తక్కువనీ నివేదిక పేర్కొన్నది.

రెండు మార్గాలు

ఈ భావనను ఆచరణలోకి తెచ్చిన దేశాలలో కెనడా, జపాన్ ముఖ్యమైనవి. అయితే ఇవి రెండు వేరు వేరు మార్గాలను ఎంచుకున్నాయి. ఈ భేదం విశ్వవిద్యాలయాల పాఠ్య ప్రణాళికలలో కూడా కనిపిస్తుంది.

కెనడా "భయం నుండి విముక్తి" అనే పరిమిత అర్థాన్ని తీసుకున్నది. 1996 నుండి 2000 వరకు విదేశాంగ మంత్రిగా ఉన్న లాయిడ్ ఆక్స్‌వర్తీ దీనికి ముఖ్య ప్రచారకుడు. మనుషులను లక్ష్యంగా చేసుకొనే మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒప్పందంపై 1997 డిసెంబరులో 122 దేశాలు సంతకం చేశాయి. అది 1999 మార్చి 1న అమలులోకి వచ్చింది. 1998లో ఆమోదించిన రోమ్ శాసనం ద్వారా అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఏర్పడి, 2002 జూలై 1 నుండి దాని పరిధి మొదలైంది. కెనడా ప్రోత్సాహంతో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 2001లో "రక్షించే బాధ్యత" అనే సూత్రాన్ని ప్రతిపాదించింది. ఒక ప్రభుత్వం తన ప్రజలను సామూహిక హత్యల నుండి కాపాడలేకపోతే, లేదా కాపాడటానికి ఇష్టపడకపోతే, ఆ బాధ్యత అంతర్జాతీయ సమాజంపై పడుతుందని దీని సారాంశం. 2005 ప్రపంచ శిఖరాగ్ర సదస్సులో సభ్య దేశాలు ఈ సూత్రాన్ని ఆమోదించాయి.

జపాన్ "లేమి నుండి విముక్తి"కి కూడా సమాన ప్రాధాన్యతనిచ్చే విస్తృత అర్థాన్ని తీసుకున్నది. 1999లో ఐక్యరాజ్య సమితిలో మానవ భద్రతా నిధిని నెలకొల్పడానికి తోడ్పడింది. 2001లో ఏర్పడిన మానవ భద్రతా సంఘానికి ఐక్యరాజ్య సమితి శరణార్థుల హై కమిషనర్ గా పనిచేసిన సడాకో ఒగాటా, నోబెల్ బహుమతి గ్రహీత అమర్త్య సేన్ సహాధ్యక్షులుగా వ్యవహరించారు. 2003లో వెలువడిన ఈ సంఘం నివేదిక రెండు వ్యూహాలను సూచించింది. ఒకటి పై నుండి ప్రభుత్వాలు, సంస్థలు కల్పించే రక్షణ. రెండవది ప్రజలు తమను తాము కాపాడుకొనే శక్తిని పెంపొందించే సాధికారత.

2012 సెప్టెంబరు 10న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 66/290 సంఖ్య గల తీర్మానం ద్వారా మానవ భద్రతపై ఉమ్మడి అవగాహనను ప్రకటించింది. మానవ భద్రత అనే భావనలో బలప్రయోగానికి గాని, బెదిరింపుకు గాని తావు లేదనీ, ఇది "రక్షించే బాధ్యత" కంటే వేరైనదనీ ఇందులో స్పష్టం చేశారు.

బోధించే సంస్థలు

మానవ భద్రత పేరుతోనే పట్టా ఇచ్చే సంస్థలు తక్కువ. చాలా చోట్ల అంతర్జాతీయ వ్యవహారాల ఎం.ఎ. లో ఒక ప్రత్యేక విభాగంగా దీనిని బోధిస్తారు. అందువలన పట్టా పేరు కంటే, అందులోని పాఠ్యాంశాలు, బోధించే ఆచార్యుల పరిశోధన ముఖ్యమైనవి.

* టోక్యో విశ్వవిద్యాలయం - 2004లో మానవ భద్రతపై ప్రత్యేక స్నాతకోత్తర కార్యక్రమాన్ని ప్రారంభించింది. జపాన్ విదేశాంగ విధానపు విస్తృత దృక్పథం ఇందులో ప్రతిఫలిస్తుంది.
* ఫ్లెచర్ పాఠశాల - ఇక్కడి న్యాయ, దౌత్య శాస్త్రాల ఎం.ఎ. రెండు సంవత్సరాల కోర్సు. షశి థరూర్ 1978లో డాక్టరేటు పొందినది ఇక్కడే. టఫ్ట్స్ లోనే ఉన్న ఫైన్‌స్టైన్ అంతర్జాతీయ కేంద్రం కరవు, వలసలు, మానవతా సహాయం మీద పరిశోధన చేస్తుంది.
* శాంతి విశ్వవిద్యాలయం - 1980లో సర్వప్రతినిధి సభ తీర్మానంతో కోస్టా రికాలో ఏర్పడింది. ఆ దేశం 1948లో సైన్యాన్ని రద్దు చేసుకున్నది.
* బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం - ఇంగ్లాండులోని ఈ విశ్వవిద్యాలయంలో శాంతి అధ్యయనాల విభాగం 1973లో మొదలైంది.
* ఉప్సలా విశ్వవిద్యాలయం - స్వీడన్ లో ఉన్నది. ప్రపంచంలోని సాయుధ ఘర్షణల సమాచారాన్ని సేకరించే ప్రసిద్ధమైన కార్యక్రమం ఇక్కడ నడుస్తుంది.
* బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం - ఇక్కడి మానవ భద్రతా కేంద్రం ఆండ్రూ మాక్ ఆధ్వర్యంలో 2005లో మానవ భద్రతా నివేదికను వెలువరించింది. 1990ల ఆరంభం నుండి సాయుధ ఘర్షణల సంఖ్య దాదాపు 40 శాతం తగ్గిందని అందులో చూపించారు. ఆ తరువాత, ముఖ్యంగా 2010 దశకంలో, ఘర్షణలు మళ్ళీ పెరిగాయి.

భారతదేశంలో

భారతదేశంలో ఈ విద్యకు 1955లో ఢిల్లీలోని సప్రూ హౌస్ లో ఏర్పడిన భారతీయ అంతర్జాతీయ అధ్యయనాల పాఠశాల నాంది పలికింది. ఎ. అప్పాదురై దీనికి తొలి సంచాలకుడు. 1970లో ఇది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జె.ఎన్.యు.)లో విలీనమైంది. జె.ఎన్.యు. ఆచార్యురాలు అనురాధా చెనాయ్, షహర్‌బానూ తజ్‌బక్ష్ తో కలిసి 2007లో మానవ భద్రతపై రచించిన పుస్తకం అనేక దేశాలలో పాఠ్యగ్రంథంగా ఉన్నది. సార్క్ దేశాలు కలిసి ఢిల్లీలో నెలకొల్పిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం 2010లో మొదలైంది. అక్కడ కూడా అంతర్జాతీయ సంబంధాలలో ఎం.ఎ. ఉన్నది. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ విపత్తుల అధ్యయనాన్ని ప్రత్యేక విషయంగా బోధిస్తున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో రాజనీతి శాస్త్రపు ఎం.ఎ. ద్వారా ఈ రంగంలోకి ప్రవేశించవచ్చును.

విధానపరంగా భారత ప్రభుత్వం ఈ భావన పట్ల జాగ్రత్తగా ఉంటూ వచ్చింది. ఒట్టావా ఒప్పందంలో గాని, రోమ్ శాసనంలో గాని భారతదేశం చేరలేదు. 2011లో లిబియాపై సైనిక చర్యకు అనుమతించిన భద్రతా మండలి 1973వ సంఖ్య తీర్మానంపై ఓటింగులో పాల్గొనకుండా తటస్థంగా ఉన్నది.

పాఠ్యాంశాలు

అమెరికాలోను, ఐరోపాలోని అనేక దేశాలలోను ఈ కోర్సులు సాధారణంగా రెండు సంవత్సరాలు, బ్రిటన్ లో ఒక సంవత్సరం ఉంటాయి. ముఖ్యమైన పాఠ్యాంశాలు ఇవి.

* అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు
* అంతర్జాతీయ మానవతా చట్టం, శరణార్థుల చట్టం, మానవ హక్కుల చట్టం
* ఘర్షణల విశ్లేషణ, మధ్యవర్తిత్వం, శాంతి స్థాపన
* అభివృద్ధి అర్థశాస్త్రం
* వలసలు, బలవంతపు నిర్వాసం
* విపత్తులు, వాతావరణ మార్పు, ఆహార భద్రత
* స్త్రీ పురుష భేదాలు, ఘర్షణలు
* గణాంక శాస్త్రం, పరిశోధనా పద్ధతులు

చాలా సంస్థలు మరొక భాషలో ప్రావీణ్యాన్ని కోరుతాయి. చివరి భాగంలో సిద్ధాంత వ్యాసం, లేదా ఒక సంస్థ కోసం చేసే ప్రాజెక్టు ఉంటుంది.

ఈ రంగంలో లెక్కింపు ఒక పెద్ద సమస్య. ఉదాహరణకు ఉప్సలా కార్యక్రమం ఒక సంవత్సరంలో పోరాటాల వలన కనీసం 25 మంది మరణిస్తేనే ఒక వివాదాన్ని సాయుధ ఘర్షణగా నమోదు చేస్తుంది. యుద్ధం కారణంగా ఆసుపత్రి మూతపడి మరణించిన బాలింత ఈ లెక్కలోకి రాదు. ఎవరిని లెక్కించాలి, ఎలా లెక్కించాలి అనేది కేవలం గణాంక విషయం కాదనీ, ఎవరి మరణాన్ని భద్రతా వైఫల్యంగా భావిస్తున్నాము అనే ప్రశ్న అనీ విద్యార్థి మొదటి సంవత్సరంలోనే తెలుసుకొంటాడు.

రెండవ సమస్య నైతికమైనది. శరణార్థి శిబిరాలలోను, హింసకు గురైన గ్రామాలలోను వివరాలు సేకరించే విద్యార్థి వలన సమాచారం ఇచ్చినవారికే ప్రమాదం కలుగవచ్చు. అందువలన క్షేత్ర పర్యటనకు ముందు విశ్వవిద్యాలయపు నైతిక సమీక్షా సంఘం అనుమతి తీసుకోవాలి. సహాయం కూడా ఘర్షణను పెంచగలదని 1999లో వెలువడిన మేరీ ఆండర్సన్ పుస్తకం వివరించింది. సహాయక సామగ్రిని సాయుధ ముఠాలు దోచుకోవడం, ఒక వర్గానికే సహాయం అందటం వలన రెండవ వర్గంలో ద్వేషం పెరగడం వంటివి ఇందుకు ఉదాహరణలు.

తెలుగు ప్రాంతాల ఉదాహరణలు

ఏడు అంశాల విభజనను తెలుగు ప్రాంతాల అనుభవాలతో కూడా అర్థం చేసుకోవచ్చును.

పర్యావరణ భద్రత: 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఆస్తులకు అపార నష్టం కలిగించినా, రాష్ట్రంలో మృతుల సంఖ్య పదులలోనే ఉన్నది. రెండు తుఫానుల తీరు ఒకటి కాకపోయినా, ముందస్తు హెచ్చరికలు, ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించడం ఈ తేడాకు ముఖ్య కారణాలు. ముందస్తు నివారణే మేలన్న 1994 నివేదిక వాదనకు ఇది తగిన నిదర్శనం.

ఆరోగ్య భద్రత: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వేలాది కుటుంబాలను పీడిస్తున్నది. అనేక పరిశోధనలు జరిగినా ఒకే కారణం నిర్ధారణ కాలేదు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి ఇంటి యజమానిని మంచాన పడేస్తే ఆదాయం పోతుంది. ఆదాయం పోతే ఆహారం తగ్గుతుంది. ఒక భద్రత దెబ్బతింటే మిగిలినవి ఎలా కూలుతాయో దీని వలన తెలుస్తుంది.

ఆర్థిక, వ్యక్తిగత భద్రత: కరీంనగర్, నిజామాబాద్ వంటి ఉత్తర తెలంగాణ జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు కార్మికుల వలస దశాబ్దాలుగా సాగుతున్నది. వీరి రక్షణకు 1983 నాటి ప్రవాస చట్టం ఉన్నా, పని జరిగేది వేరొక దేశపు చట్టం క్రింద. ఇక్కడ పౌరుని భద్రత రెండు ప్రభుత్వాల మధ్య పడుతుంది. గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదటగా 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. కరవు ప్రాంతంలో పనిని హక్కుగా గుర్తించడం ఆర్థిక భద్రతకు ఉదాహరణ.

విమర్శలు

మానవ భద్రత అనే భావనపై ప్రధానంగా నాలుగు విమర్శలు ఉన్నాయి.

1. అస్పష్టత: రోలండ్ పారిస్ 2001లో ప్రచురించిన వ్యాసంలో ఈ భావన మరీ విశాలమైనదనీ, విధానకర్తలకు ఏది ముందు చేయాలో చెప్పలేదనీ విమర్శించాడు. ప్రతి కష్టమూ భద్రతా సమస్యే అయితే దేనికీ ప్రాధాన్యం ఉండదన్నది ఆయన వాదం. 2004లో ఒక భద్రతా అధ్యయనాల పత్రిక 21 మంది నిపుణులను నిర్వచనం అడిగితే వారి మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు.

2. జోక్యానికి సాకు: బలమైన దేశాలు బలహీన దేశాలలో జోక్యం చేసుకోవడానికి ఇది ఒక సాకుగా మారుతుందని వర్ధమాన దేశాల విమర్శ. 2011లో పౌరుల రక్షణ కోసమని మొదలైన లిబియా సైనిక చర్య చివరకు ప్రభుత్వం కూలిపోవడంతో ముగియడం ఈ అనుమానాన్ని బలపరచింది.

3. సైనికీకరణ: ఆకలి, వ్యాధి వంటి వాటిని భద్రతా సమస్యలు అనడం వలన వాటి పరిష్కారం పౌర సంస్థల నుండి సైన్యం చేతికి పోయే ప్రమాదం ఉన్నదని కొందరి వాదన. 2004లో మేరీ కాల్డర్ ఆధ్వర్యంలోని బృందం ఐరోపా సమాఖ్యకు సమర్పించిన నివేదికలో 15,000 మందితో ఒక మానవ భద్రతా దళాన్ని ప్రతిపాదించి, అందులో మూడవ వంతు పౌర నిపుణులు ఉండాలని సూచించారు.

4. అస్థిరత: ఈ భావన కొన్ని ప్రభుత్వాల ఆసక్తి మీద ఆధారపడి ఉన్నది. 2006లో ప్రభుత్వం మారిన తరువాత కెనడా విదేశాంగ విధానంలోనే ఈ పదం వాడుక తగ్గిపోయింది. రష్యా నుండి ముప్పు ఉన్నదనే కారణంతో ఫిన్లాండ్, పోలండ్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా దేశాలు ఒట్టావా ఒప్పందం నుండి వైదొలగుతున్నట్లు 2025లో ప్రకటించాయి. మానవ భద్రతకు అతి పెద్ద విజయంగా పాఠ్యపుస్తకాలు చెప్పే ఒప్పందానికే ఈ స్థితి ఏర్పడింది.

సమర్థకుల సమాధానం వేరుగా ఉన్నది. నిర్వచనం విశాలంగా ఉన్నంత మాత్రాన అది పనికిరానిది కాదనీ, ప్రతి ప్రాంతంలోనూ అక్కడి ప్రజలకు తీవ్రమైన ముప్పు ఏదో తెలుసుకొని దానిని ముందు ఉంచవచ్చుననీ వారు అంటారు. 2020లో కోవిడ్-19 వ్యాపించినప్పుడు పెద్ద సైన్యాలున్న దేశాలలో కూడా లక్షల మంది మరణించడాన్ని వారు ఉదాహరణగా చూపుతారు. 2022లో యు.ఎన్.డి.పి. ప్రత్యేక నివేదిక ప్రపంచంలో ప్రతి ఏడుగురిలో ఆరుగురు తాము అభద్రతలో ఉన్నట్లు భావిస్తున్నారని పేర్కొన్నది. 2024 చివరి నాటికి బలవంతంగా నిర్వాసితులైన వారి సంఖ్య 12.32 కోట్లని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ అంచనా.

ప్రవేశం, వ్యయం

ఏ విషయంలో పట్టభద్రులైనవారైనా ఈ కోర్సులకు దరఖాస్తు చేయవచ్చును. ఇంజనీరింగు, వైద్యం, వ్యవసాయ శాస్త్రం చదివినవారికి కూడా అవకాశం ఉన్నది. నీటి వనరులు, అంటువ్యాధులు, పంటల గురించి తెలిసినవారి అవసరం ఈ రంగంలో ఎక్కువ. విదేశీ సంస్థలు ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష, ఉద్దేశ వ్యాసం, సిఫారసు లేఖలు కోరుతాయి. రెండు మూడు సంవత్సరాల పని అనుభవం ఉన్నవారికి అనేక సంస్థలు ప్రాధాన్యం ఇస్తాయి. జె.ఎన్.యు. ఎం.ఎ. ప్రవేశాలు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి. అక్కడి రుసుము అమెరికా విశ్వవిద్యాలయాలతో పోలిస్తే అతి స్వల్పం.

ఉపకార వేతనాలలో ముఖ్యమైనవి:

* రోటరీ శాంతి ఫెలోషిప్ - శాంతి, ఘర్షణల అధ్యయనానికే ప్రత్యేకించినది. ఉప్సలా, బ్రాడ్‌ఫర్డ్ వంటి భాగస్వామ్య విశ్వవిద్యాలయాలలో చదువుకు వ్యయం భరిస్తుంది.
* చీవ్‌నింగ్ - బ్రిటన్ లో ఒక సంవత్సరపు ఎం.ఎ. కు. రెండు సంవత్సరాల పని అనుభవం అవసరం.
* ఇరాస్మస్ ముండస్ - ఐరోపాలో రెండు లేక అంతకంటే ఎక్కువ దేశాలలో చదివే ఉమ్మడి కోర్సులకు.
* జపాన్ ప్రభుత్వ ఉపకార వేతనం - టోక్యో వంటి విశ్వవిద్యాలయాలకు.
* జె.ఎన్. టాటా ఎండోమెంట్ - 1892లో ఏర్పడింది. ఇది రుణ ఉపకార వేతనం.

షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమి లేని వ్యవసాయ కూలీల కుటుంబాల విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం జాతీయ విదేశీ ఉపకార వేతనాన్ని ఇస్తుంది. అయితే 2022లో మార్చిన నిబంధనల ప్రకారం భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం గురించిన పరిశోధనాంశాలకు దీనిని వర్తింపజేయలేదు. తమ సొంత సమాజపు భద్రతనే విదేశాలలో పరిశోధించాలనుకొనే విద్యార్థులకు ఇది అవరోధమని విమర్శలు వచ్చాయి. దరఖాస్తుకు ముందు ఆ సంవత్సరపు నిబంధనలను పరిశీలించుకోవాలి.

అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులకు మరొక తేడా ముఖ్యమైనది. విజ్ఞాన, సాంకేతిక కోర్సులు చదివినవారికి పన్నెండు నెలల పని శిక్షణ అనుమతిపై మరో 24 నెలల పొడిగింపు లభిస్తుంది. అంతర్జాతీయ వ్యవహారాల పట్టాలు సాధారణంగా ఆ జాబితాలోకి రావు. కాబట్టి పెద్ద మొత్తంలో అప్పు చేసి చేరేవారికి దానిని అక్కడే సంపాదించి తీర్చడానికి గడువు తక్కువ.

ఉద్యోగావకాశాలు

వైద్యం, న్యాయవాద వృత్తుల వలె ఈ పట్టాతో ఒక నిర్దిష్టమైన వృత్తికి అనుమతి లభించదు. ఐక్యరాజ్య సమితి సంస్థలు, రెడ్ క్రాస్, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ విభాగాలు, పరిశోధనా సంస్థలు, పత్రికలు ముఖ్యమైన ఉపాధి మార్గాలు. ఐక్యరాజ్య సమితిలో వృత్తి నిపుణుల రెండవ శ్రేణి ఉద్యోగాలకు సాధారణంగా స్నాతకోత్తర పట్టాతో పాటు రెండు సంవత్సరాల అనుభవం కోరుతారు. ఐక్యరాజ్య సమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్ లకు వేతనం ఉండదు. దీని వలన సంపన్న కుటుంబాల వారికే మొదటి అవకాశం దక్కుతుందన్న విమర్శ ఉన్నది. భారత విదేశాంగ సేవలో చేరడానికి ఈ పట్టా అవసరం లేదు. ఏదైనా డిగ్రీతో సివిల్ సర్వీసు పరీక్ష వ్రాయవచ్చును.

2025లో ఈ రంగంలో ఉద్యోగాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ప్రపంచంలో అతి పెద్ద సహాయ సంస్థలలో ఒకటైన అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ (యు.ఎస్.ఎయిడ్) 2025 జూలై 1న కార్యకలాపాలు నిలిపివేయగా, మిగిలిన పనులను విదేశాంగ శాఖకు బదిలీ చేశారు. నిధుల కొరత వలన ఐక్యరాజ్య సమితి సంస్థలు కూడా సిబ్బందిని తగ్గించాయి. దాని ప్రభావం కొత్త పట్టభద్రుల కంటే ముందుగా శిబిరాలలో ఆహారం, మందుల మీద ఆధారపడిన ప్రజలపై పడింది.

విపత్తుల నిర్వహణలో భారతదేశంలో అవకాశాలు ఉన్నాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ప్రాధికార సంస్థలు ఏర్పడ్డాయి. ప్రజారోగ్యం, వలస కార్మికుల సంక్షేమం, నీటి వనరులు వంటి రంగాలలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు కూడా ఈ శిక్షణ పొందినవారు ఉపయోగపడతారు. గణాంక విశ్లేషణ, న్యాయ పరిజ్ఞానం, ఆరోగ్య శాస్త్రం వంటి ఒక నిర్దిష్ట నైపుణ్యాన్ని దీనితో పాటు సంపాదించుకున్నవారికి ఉపాధి సులభంగా లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* మానవాభివృద్ధి సూచిక
* మహబూబ్ ఉల్ హక్
* అమర్త్య సేన్
* ఐక్యరాజ్య సమితి
* అంతర్జాతీయ నేర న్యాయస్థానం
* మందుపాతర
* శరణార్థి
* దివిసీమ ఉప్పెన